చైనా-జపాన్ చరిత్ర చదవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఎవరిని ఎంతవరకు నమ్మాలి?

చైనా, జపాన్‌ల మధ్య జరిగిన యుద్ధాల గురించి చదువుదామని కూర్చున్నవాళ్లకి మొదటి రోజే చిక్కొచ్చి పడుతుంది. ఒకచోట అప్పటి చైనా రాజధాని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం 3 లక్షల మందిని చంపిందని ఉంటుంది, ఇంకోచోట 40 వేలని ఉంటుంది, యూట్యూబ్‌లో ఎవరో అసలు అలాంటిదేమీ జరగలేదని గంటసేపు మాట్లాడుతుంటారు. యుద్ధం ఎప్పుడు మొదలైందన్న దాని మీద కూడా ఒక్క మాట ఉండదు. 1937 జులై 7న బీజింగ్ శివార్లలో మార్కోపోలో వంతెన దగ్గర కాల్పులతో మొదలైందని చైనా పాఠ్యపుస్తకాలే ఏళ్ల తరబడి చెప్పాయి. 2017లో అక్కడి విద్యాశాఖ ఆ తేదీని 1931 సెప్టెంబరు 18కి, అంటే జపాన్ సైన్యం ఈశాన్య చైనాలోని మంచూరియాని ఆక్రమించడం మొదలుపెట్టిన రోజుకి మార్పించింది. 8 ఏళ్ల యుద్ధం 14 ఏళ్ల యుద్ధమైంది. మంచూరియాలో ఉన్నవాళ్లకి కష్టాలు 1931లోనే మొదలయ్యాయి కాబట్టి ఆ మార్పుకి చరిత్రలో బలమైన ఆధారమే ఉంది, కానీ నిర్ణయం తీసుకున్నది మాత్రం ప్రభుత్వం.

మనకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. జపాన్ అనగానే నేతాజీకి అండగా నిలిచిన దేశం, హిరోషిమాలో కాలిపోయిన దేశం అని గుర్తొస్తుంది. చైనా అనగానే 1962 గుర్తొస్తుంది. ఆ రెండు అభిప్రాయాలతోనే పుస్తకం తెరిస్తే ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అన్నది చదవకముందే తేలిపోతుంది. టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన మన పిల్లలు ఈ విషయం అక్కడివాళ్ల నోట వేర్వేరు రకాలుగా విని ఉంటారు. అలాంటివాళ్ల కోసం, ఇంకా పోటీ పరీక్షలకి చదివేవాళ్ల కోసం, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఇంగ్లిష్‌లో దొరికే వాటి గురించే చెబుతాను.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

నేను అన్నిటికంటే ముందు చూసేది ఒక్కటే: ఈ చరిత్రకారుడు తన సొంత దేశం చెప్పే కథతో ఎక్కడ విడిపోయాడు? ఎక్కడా విడిపోకపోతే ఆ పుస్తకాన్ని అనుమానంతో చదవాలి. ఈ కొలబద్ద ఎందుకు పెట్టుకున్నానో చెప్పడానికి ఇయెనగా సబురో ఒక్కరు చాలు. ఆయన జపాన్‌లో పాఠ్యపుస్తకాలు రాసిన ప్రొఫెసర్. తన పుస్తకంలో యుద్ధకాలపు అకృత్యాల గురించి రాసిన భాగాలు మార్చమని, తీసేయమని విద్యాశాఖ ఒత్తిడి తెస్తే 1965లో ప్రభుత్వం మీదే కేసు వేశారు. తర్వాత 1967లో ఒకటి, 1984లో ఇంకొకటి. ఆఖరి తీర్పు సుప్రీంకోర్టు నుంచి 1997 ఆగస్టులో వచ్చింది. అసలు పాఠ్యపుస్తకాల పరిశీలన పద్ధతి రాజ్యాంగబద్ధమేనని కోర్టు చెప్పింది, అంటే పెద్ద ప్రశ్నలో ఆయన ఓడిపోయారు. కానీ చైనాలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన 731 యూనిట్ ప్రస్తావన తీసేయించడం మాత్రం చట్టవిరుద్ధమంటూ, కింది కోర్టు ముందే తప్పుపట్టిన మార్పులతో కలిపి మొత్తం 4 లక్షల యెన్లు చెల్లించమంది. 32 ఏళ్ల పోరాటంలో చేతికొచ్చిన సొమ్ము అంతే, కానీ ఆ వాక్యం పుస్తకంలో ఉండొచ్చని దేశపు అత్యున్నత న్యాయస్థానంతో చెప్పించారు.

చైనాలో ఒక చరిత్రకారుడికి ఆ దారి కూడా లేదు. 2006 జనవరిలో యువాన్ వీషీ అనే గ్వాంగ్‌జౌ ప్రొఫెసర్ చైనా పాఠ్యపుస్తకాలు నల్లమందు యుద్ధాన్ని, బాక్సర్ల తిరుగుబాటుని ఏకపక్షంగా చెబుతున్నాయని వ్యాసం రాస్తే, దాన్ని వేసిన వారపత్రికని కొన్ని వారాల పాటు మూయించారు. మళ్లీ మొదలయ్యేసరికి సంపాదకులు మారిపోయారు. కాబట్టి ఒక చైనా చరిత్రకారుడు అధికారిక అంకె పక్కన ఇంకో అంకె రాయలేదంటే ఆయనకి తెలియదని అనుకోకూడదు. ఈ తేడా మనసులో పెట్టుకుని రెండు వైపులా చదవాలి.

రెండోది, అవతలి భాషలోని పత్రాలు చదివారా లేదా. మూడోది, అంకె ఇస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారా లేదా. ఈ మూడోదాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే ఉంది.

నాన్‌జింగ్ నగరం జపాన్ సైన్యం చేతికి 1937 డిసెంబరు 13న చిక్కింది. జపాన్ యుద్ధకాలపు నాయకుల్ని విచారించిన టోక్యో ట్రిబ్యునల్ 1948 తీర్పులో ఒకచోట 2 లక్షల మందికి పైగా చనిపోయారని ఉంది. అదే తీర్పులో, నాన్‌జింగ్‌ని పట్టుకున్న సైన్యానికి అధిపతి జనరల్ మత్సుయి శిక్ష గురించి చెప్పే చోట లక్షకు పైగా అని ఉంది. ఒకే తీర్పు, రెండు అంకెలు. నాన్‌జింగ్‌లో జరిగిన యుద్ధనేరాల విచారణ 3 లక్షలకు పైగా అంది, 1985లో తెరిచిన అక్కడి స్మారక భవనం గోడ మీద ఆ అంకే చెక్కి ఉంటుంది. జపాన్ చరిత్రకారుల్లో హాతా ఇకుహికో 40 వేలు అంటే, కసహారా తొకుషి లక్షకు బాగా పైన, బహుశా 2 లక్షల దాకా లేదా ఇంకా ఎక్కువ అంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. కసహారా నగరం గోడల లోపలే కాకుండా చుట్టుపక్కల జిల్లాల్నీ కలిపి, డిసెంబరు మొదట్నుంచి మార్చి దాకా లెక్కిస్తారు. హాతా లెక్కలో ప్రాంతం చిన్నది, వ్యవధి తక్కువ. ఆయుధాలు వదిలేసి మామూలు బట్టలు వేసుకున్న సైనికుణ్ణి విచారణ లేకుండా చంపేస్తే దాన్ని హత్య అనాలా, యుద్ధంలో మరణం అనాలా అన్న దగ్గర కూడా లెక్క మారిపోతుంది. ఏ ఊరు, ఏ తేదీలు, ఎవర్ని లెక్కించారు అని చెప్పకుండా అంకె ఒక్కటే విసిరే పుస్తకాన్ని పక్కన పెట్టేయండి.

ఎంపికల జాబితాలో లేనిది

ఏమీ జరగలేదు అనే వాదనని నేను ఒక ఎంపికగా ఇక్కడ పెట్టడం లేదు. అది అభిప్రాయభేదం కాదు. 1984లో జపాన్ పాత సైనికాధికారుల సంఘం కైకోషా తన పత్రికలో నాన్‌జింగ్ మీద సాక్ష్యాలు వెయ్యడం మొదలుపెట్టింది, మా సైన్యం అలాంటి పని చేయలేదని నిరూపిద్దామని. సభ్యుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. చంపాం, చూశాం అని. నెలల తరబడి అవి అచ్చు వేశాక, 1985 మార్చిలో సంపాదకుడు చైనా ప్రజల్ని క్షమించమని అడుగుతూ రాయాల్సి వచ్చింది. అదే ఏడాది, మారణకాండే లేదని రాసే ఒక రచయిత అచ్చువేసిన మత్సుయి డైరీలో వందల చోట్ల మూలాన్ని మార్చేశాడని బయటపడింది. పట్టుకున్నది ఎవరో చైనా మనిషి కాదు, మృతుల సంఖ్య చాలా తక్కువని వాదించే జపాన్ పరిశోధకుడే.

ఇక్కడ మన దేశం పేరు కూడా వస్తుంది. టోక్యో ట్రిబ్యునల్‌లో నిందితులందరూ నిర్దోషులని భిన్నాభిప్రాయం రాసిన జడ్జి రాధావినోద్ పాల్ మనవాడు. 2005లో యుద్ధనేరాలకి శిక్షపడ్డవాళ్లతో సహా జపాన్ యుద్ధమృతుల్ని కొలిచే యాసుకుని ఆలయంలో ఆయనకి స్మారకం పెట్టారు, 2007లో అప్పటి జపాన్ ప్రధాని షింజో అబే మన పార్లమెంటులో ఆయన్ని తలుచుకున్నారు. పాల్ గారే ఏమీ జరగలేదన్నారని వాట్సాప్‌లో తిరుగుతుంటే దయచేసి ఫార్వర్డ్ చేయకండి. గెలిచినవాళ్లు కొత్త చట్టం తయారుచేసి ఓడినవాళ్లకి వెనకటి తేదీ నుంచి వర్తింపజేయకూడదన్నది ఆయన వాదన. జపాన్ సైనికులు సామాన్యుల మీద, యుద్ధఖైదీల మీద అకృత్యాలు చేశారనడానికి సాక్ష్యం బలంగా ఉందని అదే తీర్పులో ఆయన రాశారు.

ఒక్కొక్కటీ చూద్దాం

*రానా మిట్టర్ 2013 పుస్తకం.* అమెరికాలో ‘ఫర్‌గాటెన్ ఆలై’ అన్న పేరుతో, బ్రిటన్‌లో వేరే పేరుతో వచ్చింది, రెండూ ఒకటే, రెండూ కొనకండి. రచయిత భారత సంతతి బ్రిటిష్ చరిత్రకారుడు. చైనా వైపు నుంచి 1937-45 మొత్తాన్నీ ఒకే కథగా చెబుతాడు. నాకు నచ్చేది, చైనాని కేవలం బాధితురాలిగా చూపించి ఊరుకోడు. 1938 జూన్‌లో జపాన్ సైన్యాన్ని ఆపడానికి అప్పటి చైనా నాయకుడు చియాంగ్ కై-షేక్ ప్రభుత్వమే పసుపునది (హ్వాంగ్‌హో) గట్లు తెగ్గొట్టి లక్షల మంది సొంత రైతుల్ని నీళ్లకి వదిలేయడం, 1942-43లో హెనాన్‌లో జనం ఆకలితో చస్తుంటే సైన్యం కోసం ధాన్యం పన్ను వసూలు చేయడం ఇవన్నీ ఉంటాయి. హెనాన్ భాగం చదువుతుంటే అదే సమయంలో మన బెంగాల్‌లో జరిగిన కరువు గుర్తు రాకుండా ఉండదు. జపాన్‌తో చేతులు కలిపిన వాంగ్ జింగ్‌వీని కూడా ద్రోహి అని ఒక్క మాటతో కొట్టిపారేయకుండా, ఎందుకలా చేశాడో అర్థం చేసుకోడానికి ప్రయత్నిస్తాడు. లోటు ఏంటంటే జపాన్ లోపల ఏం ఆలోచించారన్నది పలచగా ఉంటుంది.

*ఐరిస్ చాంగ్ 1997 పుస్తకం.* నాన్‌జింగ్ పేరు ఇంగ్లిష్ పాఠకులకి తెలిసిందే ఈ పుస్తకం వల్ల. ఆ గౌరవం ఆమెకి దక్కాలి. జర్మన్ వ్యాపారి జాన్ రాబే కుటుంబం దగ్గరున్న డైరీ లోకానికి తెలియడంలో కూడా ఆమె పాత్ర ఉంది. కానీ మొదటి పుస్తకంగా దీన్ని నేను సిఫార్సు చేయను. జపాన్ చరిత్ర గురించిన భాగంలో తప్పులున్నాయి, కొన్ని ఫొటోల మీద అభ్యంతరాలున్నాయి, ఆ తప్పుల్ని పట్టుకునే ఏమీ జరగలేదనే బృందం పండగ చేసుకుంది. అంతకంటే నాకు బాధ కలిగించేది, జపాన్ మొత్తం నోరు మూసుకుని కూర్చుందన్న భావన పాఠకుడిలో మిగలడం. హోరా తొమియో 1960ల నుంచే దీని మీద పరిశోధన చేశారు, హోండా కత్సుయిచి 1971లో చైనా వెళ్లి బతికి బయటపడ్డవాళ్ల మాటలు విని ఆసాహి పత్రికలో వరసగా రాశారు. బెదిరింపుల మధ్య ఆ పని చేసినవాళ్లు జపాన్ వాళ్లే. వాళ్ల సంగతి తెలిశాక చాంగ్‌ని చదివితే ఆమె కోపం సరిగ్గా అర్థమవుతుంది.

*డైరీలు.* రాబే సీమెన్స్ కంపెనీ మనిషి, నాజీ పార్టీ సభ్యుడు. నగరంలో మిగిలిన కొద్దిమంది విదేశీయులు కలిసి ఏర్పాటు చేసిన రక్షణ మండలానికి అధ్యక్షుడు. తన ఇంటి ఆవరణలోనే 600 మందికి పైగా చైనీయుల్ని దాచాడు. విమానాల నుంచి కనిపించేలా పెద్ద స్వస్తిక్ జెండా పరిచి దాని కింద జనాన్ని కూర్చోబెట్టాడు. గోడ దూకి లోపలికొచ్చిన సైనికుణ్ణి చేతికున్న నాజీ పట్టీ చూపించి బయటికి పంపేవాడు. చంపినవాళ్ల సంఖ్య 50, 60 వేలుంటుందని ఆయన అంచనా, కానీ ఆయన చూసింది నగరం మాత్రమే. మిన్నీ వాట్రిన్ అనే అమెరికన్ మిషనరీ జిన్‌లింగ్ మహిళా కళాశాలలో వేలమంది ఆడవాళ్లని కాపాడింది, ఆమె డైరీ కూడా దొరుకుతుంది, అది చదవడం చాలా కష్టం, రాత్రిపూట మొదలుపెట్టకండి. డైరీల్లో ఉన్న బలం వేరే దేంట్లోనూ ఉండదు. అయితే యాంగ్జీ నది ఒడ్డున ఏం జరిగిందో, పల్లెల్లో ఏం జరిగిందో వీళ్లకి కనపడలేదు.

ఆ ఖాళీని పూరించినవాళ్లలో ఒనో కెంజీ ఒకరు. ప్రొఫెసర్ కాదు, ఫుకుషిమాలో ఫ్యాక్టరీ కార్మికుడు. ఉద్యోగం చేసుకుంటూనే తన ప్రాంతం నుంచి వెళ్లిన 65వ రెజిమెంటు పాత సైనికుల ఇళ్లకి తిరిగి, వాళ్లు బీరువాల్లో దాచుకున్న డైరీలు సంపాదించారు. ముఫూషాన్ కొండ దగ్గర లొంగిపోయిన ఖైదీల్ని నది ఒడ్డుకి తీసుకెళ్లి చంపిన సంగతి ఆ మామూలు సైనికుల చేతిరాతలోనే ఉంది.

*వాకబాయాషి సంపాదకత్వంలో 2007 వ్యాస సంకలనం.* ఒనో, కసహారా లాంటివాళ్ల పరిశోధన ఇంగ్లిష్‌లో దొరికే చోటు ఇది. ఎక్కువ చెప్పను, బరువైన పుస్తకం, ఫుట్‌నోట్లంటే ఇష్టమున్నవాళ్లకే. నాన్‌జింగ్ అంకెల గురించి గట్టిగా వాదించాలనుకునేవాళ్లు మాత్రం ఇది చదవకుండా వాదనకి దిగొద్దు.

*ఇద్దరూ కలిసి రాసినవి.* నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేవి ఇవే. ఇందులో మూడు రకాలున్నాయి.

మొదటిది 2005లో చైనా, జపాన్, కొరియా మూడు దేశాల్లో మూడు భాషల్లో వచ్చిన ఉమ్మడి చరిత్ర పుస్తకం. 2001లో జపాన్‌లో ఒక జాతీయవాద బృందం రాసిన పాఠ్యపుస్తకానికి విద్యాశాఖ అనుమతి ఇవ్వడంతో పెద్ద గొడవైంది. ఆ పుస్తకాన్ని తీసుకున్న స్కూళ్లు 0.039 శాతమే, అంటే జపాన్ టీచర్లు, తల్లిదండ్రులు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. దానికి జవాబుగా మూడు దేశాల టీచర్లు, పరిశోధకులు, పౌర సంఘాలు కూర్చుని ఇది రాశారు. పిల్లలకి అర్థమయ్యేలా ఉంటుంది. అయితే రాసినవాళ్లందరూ ముందే ఒకే దారిలో ఉన్నవాళ్లు కావడంతో వాదన పెద్దగా కనపడదు.

రెండోది ప్రభుత్వాలే వేసిన కమిటీ. కొయిజుమి ప్రధానిగా ఉండగా ఏటా యాసుకునికి వెళ్లడం, 2005 ఏప్రిల్‌లో చైనా నగరాల్లో జపాన్ వ్యతిరేక ప్రదర్శనలు, ఇవన్నీ అయ్యాక 2006 అక్టోబరులో అబే బీజింగ్ వెళ్లినప్పుడు ఒప్పుకున్నారు. అటు పదిమంది, ఇటు పదిమంది. చైనా వైపు బూ పింగ్, జపాన్ వైపు కితావోకా షిన్‌ఇచి నాయకత్వం. 2010 జనవరి 31న నివేదిక వచ్చింది. వాళ్లు ఉమ్మడిగా ఒక్క కథ రాయలేదు. ఒకే అంశం మీద ఇద్దరూ చెరో వ్యాసం రాసి పక్కపక్కన పెట్టారు. జపాన్ వైపు వ్యాసం అది దురాక్రమణ యుద్ధమని, నాన్‌జింగ్‌లో ఖైదీల్ని, సామాన్యుల్ని మూకుమ్మడిగా చంపారని స్పష్టంగా రాసింది, సంఖ్య దగ్గరకొచ్చేసరికి జపాన్ పరిశోధనల్లో 2 లక్షలు గరిష్ఠంగా 40 వేలు, 20 వేలు అంటూ రకరకాల అంచనాలున్నాయని చెప్పింది. చైనా వైపు ట్రిబ్యునళ్ల అంకెల మీదే నిలబడింది. 1945 తర్వాతి భాగాన్ని చైనా కోరిక మీద బయటపెట్టలేదు. కమిటీ విఫలమైందని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. రెండు ప్రభుత్వాలు పంపిన మనుషులు ‘దురాక్రమణ’ అన్న దాని మీద, ‘మారణకాండ’ అన్న దాని మీద ఏకమయ్యాక ఇక మిగిలింది సంఖ్య, కారణాలు, బాధ్యత. అవి చరిత్రకారులు వాదించుకోవాల్సినవే. ఒక చిక్కు: ఇంగ్లిష్ తాత్కాలిక అనువాదం జపాన్ విదేశాంగ శాఖ పెట్టింది, అది జపాన్ వ్యాసాలకే. చైనీస్ గానీ జపనీస్ గానీ రానివాళ్లకి సగమే చేతికొస్తుంది.

మూడోది ల్యూ జియె, మితాని హిరోషి, యాంగ్ దాచింగ్ సంపాదకులుగా 2006లో టోక్యోలో, బీజింగ్‌లో వచ్చి, 2012లో హార్వర్డ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన సంకలనం. ప్రభుత్వం పంపిన మనుషులు కాదు, 2001 నుంచి కలుసుకుంటూ వచ్చిన యువ చరిత్రకారులు, జపాన్ యూనివర్సిటీల్లో పనిచేసే చైనీయులు ఇందులో ఎక్కువ. ల్యూ జియె అలాంటివారే. తాము పుట్టిన దేశం కథ, తాము బతుకుతున్న దేశం కథ రెండూ తెలిసినవాళ్లు కాబట్టి, ప్రతి వివాదం మీదా అటువాళ్లు ఇలా ఎందుకంటారు, ఇటువాళ్లు ఇలా ఎందుకంటారు అన్నది ఓపిగ్గా విప్పుతారు. నేను మొదట్లో చెప్పిన కొలబద్దకి అన్నిటికంటే దగ్గరగా నిలబడేది ఇదే.

ఎజ్రా వోగెల్ 2019 పుస్తకం 1500 ఏళ్ల సంబంధాల్ని ఒకేసారి చుట్టేస్తుంది. యుద్ధం ఒక్కటే కాదు, చైనా జపాన్ నుంచి నేర్చుకున్న కాలం, జపాన్ చైనా నుంచి నేర్చుకున్న కాలం కావాలంటే అది చూడండి. వివాదాల లోతుకి మాత్రం వెళ్లదు.

| ఏది | సొంత వైపుతో విభేదం | సంఖ్యల వివరణ | చదవడం | ఎవరికి |
|---|---|---|---|---|
| మిట్టర్ | బయటివాడు, చైనా తప్పులూ చూపిస్తాడు | పరవాలేదు | సులువు | మొదటిసారి చదివేవాళ్లకి |
| చాంగ్ | తక్కువ | బలహీనం | సులువు, మనసుకి కష్టం | రెండో, మూడో పుస్తకంగా |
| రాబే, వాట్రిన్ డైరీలు | వర్తించదు | చూసినంత మేరకే | మనసుకి చాలా కష్టం | మనుషుల గొంతు వినాలనుకునేవాళ్లకి |
| వాకబాయాషి సంకలనం | చాలా ఎక్కువ | చాలా బాగుంది | బరువు | వాదించాలనుకునేవాళ్లకి |
| 2005 ఉమ్మడి పుస్తకం | జపాన్ వైపు ఎక్కువ | తక్కువ | సులువు | టీచర్లకి |
| 2010 కమిటీ నివేదిక | కొంత, జాగ్రత్తగా | బాగుంది | మధ్యస్థం | తేడాలు పక్కపక్కన చూడాలనుకునేవాళ్లకి |
| 2012 ఇంగ్లిష్ సంకలనం | రెండు వైపులా | బాగుంది | మధ్యస్థం | వివాదం ఎందుకు తెగదో తెలుసుకోవాలంటే |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి మిట్టర్ ఒక్కటీ సరిపోతుంది. దానికి తోడు తేదీల వరస ఒకటి రాసుకోండి: 1895లో మొదటి చైనా-జపాన్ యుద్ధాన్ని ముగించిన షిమొనొసెకి ఒప్పందం, 1915లో చైనా ముందు జపాన్ పెట్టిన ఇరవై ఒక్క కోర్కెలు, 1931, 1937, 1945, 1972లో రెండు దేశాల సంబంధాలు మళ్లీ మొదలై చైనా యుద్ధ నష్టపరిహారం వదులుకోవడం, 1995లో జపాన్ ప్రధాని మురయామా క్షమాపణ. ఆ 1972 విషయం చాలామంది వదిలేస్తారు, కానీ తర్వాత వచ్చిన గొడవల్లో ఎన్నో దాని దగ్గరికే వెళతాయి. డబ్బు అడగనివాళ్లు మాట అడిగారు, ఆ మాట ఎంత స్పష్టంగా ఉండాలన్న దాని మీద ఇప్పటికీ తెగలేదు.

టీచర్లు 2005 పుస్తకం, 2010 నివేదిక రెండూ దగ్గర పెట్టుకుంటే క్లాసులో మంచి పని చేయించొచ్చు. ఒకే సంఘటన మీద రెండు పేరాలు ఇచ్చి, ఎవరు ఏం వదిలేశారో పట్టుకోమనండి. మన దగ్గర కూడా 1948 హైదరాబాద్ గురించి అడిగితే ఒక్కో ఇంట్లో ఒక్కో మాట వినిపిస్తుంది కదా, పిల్లలకి ఈ అభ్యాసం అక్కడా పనికొస్తుంది.

జపాన్‌లో గానీ చైనాలో గానీ ఉంటున్నవాళ్లు 2012 సంకలనంతో మొదలుపెట్టడం మంచిది. మీ కొలీగ్ స్కూల్లో ఏం చదువుకుని వచ్చాడో దాన్నుంచి అర్థమవుతుంది. డిసెంబరు 13 చైనాలో 2014 నుంచి జాతీయ స్మృతి దినం, ఆ రోజు నాన్‌జింగ్‌లో సైరన్లు మోగుతాయి, ఆ దగ్గర్లో ఉంటే సరదా పార్టీలు పెట్టుకోకండి. వీలుంటే రాబే ఇల్లు చూడండి, నాన్‌జింగ్ యూనివర్సిటీ దగ్గర మ్యూజియంగా ఉంది.

చైనా, జపాన్ ఏదో ఒకదాని మీద ఇప్పటికే గట్టి అభిమానం ఉన్నవాళ్లకి నా సలహా వేరు. జపాన్ అంటే ఇష్టమైతే ఒనో కెంజీ వ్యాసంతో మొదలుపెట్టండి, చైనా అంటే ఇష్టమైతే మిట్టర్ పుస్తకంలో పసుపునది, హెనాన్ భాగాలతో మొదలుపెట్టండి. సమయం ఒక్కదానికే ఉందంటే 2012 సంకలనం తీసుకోండి. కొనడానికి ఖరీదెక్కువ అనిపిస్తే మీ దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీలో అడిగి చూడండి, లేకపోతే తెప్పించమని రాసివ్వండి.